క్యాట్స్ క్రేడిల్‌లో ఒక గురువారం రాత్రి

నార్త్ కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ అనే విశ్వవిద్యాలయపు ఊరు ఉంది. అక్కడి ఫ్రాంక్లిన్ వీధి పట్టుకొని పడమరగా నడుస్తూ పోతే ఒకచోట రోడ్డు పేరు మెయిన్ స్ట్రీట్ అని మారుతుంది. అక్కడితో చాపెల్ హిల్ అయిపోయి కార్‌బరో మొదలైందని బోర్డు చూస్తే తప్ప కొత్తవారికి తెలియదు. ఆ పొలిమేర దాటిన కొద్ది దూరంలో, బయటి నుంచి చూస్తే సరుకుల గోదాము అనిపించే ఒక హాలు కనిపిస్తుంది. దాని పేరు క్యాట్స్ క్రేడిల్. వేళ్ళ మధ్య దారం చుట్టుకొని పిల్లలు ఆడుకునే ఒక ఆటకు ఇంగ్లీషులో ఉన్న పేరు అది. 1969లో చాపెల్ హిల్‌లో చిన్నగా మొదలై, చిరునామాలు మారుతూ, 1990లలో కార్‌బరోకు వచ్చి స్థిరపడిన హాలు. జనం నిలబడితే సుమారు 750 మంది పడతారు. నేను టికెట్ కొనుక్కొని చూసిన మొదటి రాక్ కచేరీ ఆ హాల్లోనే, 2003 అక్టోబరులో ఒక గురువారం రాత్రి జరిగింది.

ఆ రాత్రి నా మనసుకు ఎందుకు అంతగా హత్తుకుందో చెప్పాలంటే ముందు మా నాన్నగారి గురించి చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారు పగలు పిల్లలకు చదువు చెప్పేవారు, రాత్రిళ్ళు పౌరాణిక పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. శ్రీరామనవమి పందిళ్ళలో, తిరునాళ్ళలో, ఊరి చివర చదును చేసిన పొలాల్లో రాత్రి పది గంటలకు తెర లేస్తే తెల్లవారుజాము దాకా నాటకం నడిచేది. సెలవుల్లో నన్ను కూడా వెంట తీసుకువెళ్ళేవారు. వేదిక ముందు పక్కగా, హార్మోనియం పెట్టెకు భుజం ఆనించి కూర్చొని నేను ఎన్నో రాత్రులు గడిపాను. పద్యం రాగాలాపనలోకి వెళ్ళినప్పుడు నటుడి మెడ నరాలు ఎలా ఉబ్బుతాయో, ఊపిరి చాలని చోట నాన్నగారు స్వరాన్ని కాస్త ముందే అందించి ఎలా ఆదుకుంటారో, జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక లేవగానే అలసిన ముఖం ఎలా వెలిగిపోతుందో నేను చేతికి అందేంత దూరం నుంచి చూశాను. అందువల్ల సంగీతం అంటే పక్కన కూర్చున్న మనిషి కష్టపడి చేసే పని అని నా మనసులో చిన్నప్పుడే ముద్ర పడిపోయింది. రేడియోలోనూ క్యాసెట్లలోనూ వినేది ఆ పని తాలూకు ప్రతిధ్వని మాత్రమే అనిపించేది.

అమెరికాకు చదువుకు వచ్చిన తరువాత ఆ దగ్గరితనం పూర్తిగా పోయింది. నేను 2002 ఆగస్టులో బయోస్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేయడానికి చాపెల్ హిల్‌లో చేరాను. జోన్స్ ఫెర్రీ రోడ్డులో రెండు గదుల ఇంట్లో నలుగురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. ఆ ఊళ్ళో సిటీ బస్సులకు ఆ ఏడాది నుంచే టికెట్ తీసేశారు కాబట్టి ప్రయాణానికి ఖర్చు ఉండేది కాదు. వంట వంతులవారీగా సాగేది. మా అందరిలో పెద్దవాడు కాకినాడ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న ఒకాయన. ఆయనను అందరం అన్నయ్యా అనే పిలిచేవాళ్ళం. బియ్యం ఎక్కడ చవకో, ఏ ప్రొఫెసరు దగ్గర పని దొరుకుతుందో, జ్వరం వస్తే ఏ మాత్ర వేసుకోవాలో అన్నీ ఆయనే చెప్పేవాడు.

రాత్రిపూట లెక్కలు చేసుకుంటూ నేను రేడియో పెట్టుకునేవాడిని. 89.3 ఎఫ్.ఎం. మీద విద్యార్థులే నడిపే డబ్ల్యూఎక్స్‌వైసీ అనే స్టేషను వచ్చేది. 1994 నవంబరులో తన ప్రసారాన్ని ఇంటర్నెట్‌లో కూడా వినిపించి, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి రేడియో స్టేషన్‌గా పేరు తెచ్చుకున్నది అదే. అక్కడ పాటలు వేసే పిల్లలకు ఏ నియమమూ ఉన్నట్టు కనిపించేది కాదు. ఒక ఆఫ్రికా పాట, ఆ వెంటనే ఎవరో గరాజులో రికార్డు చేసుకున్న గిటారు మోత, ఆ తరువాత పాత బ్లూస్ పాట వచ్చేవి. ఒకసారి బిస్మిల్లాఖాన్ షెహనాయి కూడా విన్నాను. ఆ క్షణంలో పెన్ను కింద పెట్టేశాను.

అలా ఒక రాత్రి, రెండు గంటలు దాటిన తరువాత, ఒక పాట వచ్చింది. గిటారులో ఒక తీగ ఆగకుండా ఒకే స్వరంలో మోగుతూ ఉంటే, మిగిలిన తీగల మీద పాట నడుస్తోంది. తంబురా పక్కన పెట్టుకున్నట్టుగా ఆ తీగ శ్రుతిని పట్టుకొని ఉంది. పాడుతున్న మనిషి గొంతు గొప్పదేమీ కాదు. పై స్థాయికి వెళ్ళినప్పుడు బీట వారుతోంది. అయినా ఆ బీటలోనే ఏదో నిజం ఉంది. పాట అయిపోగానే స్టేషనుకు ఫోను చేశాను. నిద్రమత్తులో ఉన్న ఒక అమ్మాయి ఫోను తీసి ఆ బృందం పేరు చెప్పి, ‘వచ్చే గురువారం వాళ్ళు క్రేడిల్‌లో వాయిస్తున్నారు’ అంది. ఆ ఊరివాళ్ళు ఆ హాలును క్రేడిల్ అనే అంటారు.

ఆ బృందం పేరు ఇక్కడ రాయడం లేదు. ముగ్గురు మనుషులు, రెండు ఆల్బములు, తరువాత రెండేళ్ళకు ఎవరి దారిన వారు వెళ్ళిపోయారు. ఇప్పుడు వాళ్ళు మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ మామూలు జీవితాలు గడుపుతున్నారని విన్నాను. వాళ్ళ ప్రశాంతతను అలాగే ఉండనివ్వడం నాకు సబబుగా తోచింది.

టికెట్ 8 డాలర్లు. అప్పట్లో డాలరుకు సుమారు 46 రూపాయలు. మేమందరం ప్రతి ఖర్చునూ రూపాయల్లోకి మార్చుకొని గుండెలు బాదుకునే రోజులవి. ‘మూడు వందల అరవై ఎనిమిది రూపాయలురా! వారం రోజుల కూరగాయలు వస్తాయి,’ అన్నాడు అన్నయ్య. నేను వెళ్ళి తీరతానని చెప్పేసరికి కాసేపు ఊరుకొని, ‘సరే, చెవుల్లో దూది పెట్టుకో. తాళం చెవి మర్చిపోకు,’ అన్నాడు. చెప్పడమే కాదు, గురువారం నేను బయలుదేరుతుంటే మందుల డబ్బాలోంచి దూది తీసి, రెండు ఉండలు చేసి చేతిలో పెట్టాడు.

ఇంటి నుంచి హాలుకు అరగంట నడక. దారిలో పాత పత్తి మిల్లు ఒకటి కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివర కట్టిన ఆ ఇటుక భవనాన్ని ఇప్పుడు దుకాణాలుగా మార్చారు. హాలుకు దగ్గరలోనే రైలు పట్టాలు రోడ్డును అడ్డంగా కోసుకుంటూ పోతాయి. ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి గాయని చిన్నతనం గడిచింది ఈ పట్టాల పక్కనే. ఆమెది ఎడమచేతి వాటం. గిటారును తిరగేసి పట్టుకొని, బొటనవేలితో పాటను, మిగిలిన వేళ్ళతో మంద్ర తీగలను మీటడం తనంతట తాను నేర్చుకుంది. రాత్రిపూట ఇంటి పక్కనుంచి వెళ్ళే గూడ్సు రైలు మీద చిన్న వయసులోనే పాట కట్టింది. తరువాత దశాబ్దాల పాటు ఇళ్ళలో పనులు చేసుకుంటూ బతికి, అరవై దాటిన తరువాత వేదిక ఎక్కింది. తొంభై దాటిన తరువాత గ్రామీ పురస్కారం అందుకుంది. ఆమె కథ నాకు చాలాకాలం తరువాత తెలిసింది. ఆ రాత్రి తెలిసి ఉంటే పట్టాల దగ్గర ఒక నిమిషం ఆగేవాడిని.

ఆ ప్రాంతానికి అప్పటికే ఇండీ సంగీతంలో పెద్ద పేరు ఉంది. పెద్ద కంపెనీల పెత్తనం లేకుండా, తమ పాటలను తామే రికార్డు చేసుకొని, తామే ఊరూరా తిరిగి వినిపించుకునే వారి సంగీతాన్ని ఇండీ అంటారు. 1989లో సూపర్‌చంక్ అనే బృందంలోని మ్యాక్ మెకాన్, లారా బాలన్స్ ఇద్దరూ కలిసి చాపెల్ హిల్‌లో మెర్జ్ రికార్డ్స్ అనే చిన్న సంస్థను పెట్టారు. మొదట్లో క్యాసెట్లు, ఏడంగుళాల చిన్న రికార్డులు తమకూ తమ మిత్రులకూ అచ్చువేసుకోవడమే వాళ్ళ వ్యాపారం. 1990ల మొదట్లో సియాటిల్ నుంచి వచ్చిన సంగీతం దేశాన్ని ఊపేస్తున్నప్పుడు, రెండో సియాటిల్ ఇదే కాబోతోందని పత్రికలు రాశాయి, పెద్ద కంపెనీల మనుషులు చాపెల్ హిల్‌కు వచ్చి బృందాల కోసం వెతికారు. ఆ సియాటిల్ సంగీతంలో పేరుమోసిన నిర్వాణా బృందం కూడా 1991 అక్టోబరులో, తమను ప్రపంచానికి పరిచయం చేసిన ఆల్బం వెలువడిన కొద్ది రోజులకే, క్రేడిల్ పాత చిరునామాలో వాయించి వెళ్ళింది. ఊరు రెండో సియాటిల్ కాలేదు, కాకపోవడమే మంచిదయింది. ఆర్చర్స్ ఆఫ్ లోఫ్, పోల్వో వంటి బృందాలు తమ పద్ధతిలో తాము వాయించుకున్నాయి. మెర్జ్ సంస్థ తరువాత పక్క ఊరైన డర్హమ్‌కు మారి, ఎవరికీ అమ్ముడుపోకుండా నిలబడి, తాను విడుదల చేసిన ఆర్కేడ్ ఫైర్ బృందపు రికార్డు 2011లో ఆ ఏటి మేటి ఆల్బంగా గ్రామీ గెలుచుకునే దాకా వచ్చింది. నాతో చదువుకున్న అమెరికా పిల్లలు ఈ సంగతులను, మా తెనాలివాళ్ళు తమ ఊరి నటుల గురించి చెప్పుకున్నంత గర్వంగా చెప్పేవారు. ఆ గర్వం నాకు వెంటనే అర్థమైంది.

గుమ్మం దగ్గర ఒక కుర్రవాడు స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. గుర్తింపు కార్డు అడిగితే నేను పాస్‌పోర్టు ఇచ్చాను. ఆయన దాన్ని తిరగేసి, పుట్టిన తేదీ చూసి, పుటలను జాగ్రత్తగా మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఇరవై ఒకటి నిండని పిల్లల చేతుల మీద, వాళ్ళకు మద్యం అమ్మకూడదని తెలిసేలా, నల్ల మార్కరుతో ఇంటూ గుర్తు వేస్తున్నాడు. నాకు ముంజేతి మీద ముద్ర వేశాడు. లోపల వెలుతురు తక్కువ, పైకప్పు తక్కువ ఎత్తు, గోడలు నల్లగా ఉన్నాయి. కుర్చీలు లేవు. ఎనిమిది గంటలన్న కచేరీకి నేను ఏడున్నరకే వెళ్ళాను కాబట్టి నాకంటే ముందు వచ్చినవారు పదిమంది కూడా లేరు. వెళ్ళి వేదిక అంచుకు మోచేతులు ఆనించి నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అంచు చెక్క, నిలబడి మోచేతులు ఆనించిన ఎన్నో వందల మంది వల్ల అరిగి నున్నగా ఉంది.

హాలు వెనక భాగంలో మీటల బల్ల ముందు సౌండ్ ఇంజనీరు కూర్చొని ఉన్నాడు. నాటకాల దగ్గర మైకుసెట్టు కుర్రాడితో నాన్నగారు పడే గొడవలు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి నా చూపు ముందు ఆయన మీదికే పోయింది. ఖాళీ హాల్లో శబ్దం గోడలకు కొట్టుకొని తిరిగి వస్తుంది, జనం నిండితే ఒంటి మీది బట్టలూ శరీరాలూ పై స్థాయి శబ్దాలను పీల్చుకుంటాయి. అందుకని సాయంత్రం సరిచూసి పెట్టుకున్న లెక్క రాత్రికి పనికిరాదు. మనుషులు వస్తున్న కొద్దీ ఆయన ఒక్కొక్క మీటను వెంట్రుకవాసి జరుపుతూ, మధ్యమధ్యలో లేచి హాలు మధ్యకు వచ్చి తల వంచి విని వెళుతున్నాడు. ఆ రాత్రి బాగుండడానికి సగం కారణం ఆయనే. వేదిక మీద ఉన్నవారికి తప్ప ఎవరికీ ఆయన ముఖం కూడా తెలియదు.

ముందు వాయించిన స్థానిక బృందం గురించి చెప్పుకోదగ్గది లేదు. అరగంట వాయించి, మర్యాదగా సర్దుకొని దిగిపోయారు.

తరువాత ఆ ముగ్గురూ వచ్చారు. వచ్చారంటే తెర వెనక నుంచి కాదు. అప్పటిదాకా జనంలో మా పక్కనే నిలబడి ఉన్నవాళ్ళే వేదిక ఎక్కి, తమ డ్రమ్ములు తామే బిగించుకొని, తమ వైర్లు తామే కలుపుకొన్నారు. పాడే ఆయన మోకాళ్ళ మీద కూర్చొని, ఆ రాత్రి పాటల వరుస రాసిన కాగితాన్ని నల్ల టేపుతో నేలకు అంటించాడు. నా ముక్కుకు రెండడుగుల దూరంలో ఉంది ఆ కాగితం. పదమూడు పేర్లు, పెద్ద పెద్ద అక్షరాలతో, ఒకటి కొట్టివేసి పైన ఇంకొకటి. మంద్ర స్వరాలు పలికే బేస్ గిటారు వాయించే అమ్మాయి తన కుడిచేతి చూపుడు వేలికి తెల్ల ప్లాస్టరు చుట్టుకుంటోంది. వేలు అప్పటికే చిట్లి ఉంది. డ్రమ్ముల ఆయన నాలుగు సార్లు కర్రలు తాటించాడు.

ఆ మొదటి దెబ్బ నా చెవికంటే ముందు నా ఛాతీకి తగిలింది. అన్నయ్య ఇచ్చిన దూది చెవుల్లో ఉంది. అయినా బేస్ తీగ కదిలినప్పుడల్లా మోచేతుల కింది చెక్క వణికి, ఆ వణుకు ఎముకల్లోంచి పైకి పాకింది. (కచేరీల్లో వంద డెసిబెల్స్ శబ్దం మామూలు, ఆ స్థాయిలో రక్షణ లేకుండా పావుగంటకు మించి ఉండకూడదని వైద్యులు చెబుతారు. దూది దానికి చాలదు, సరైన ఇయర్ ప్లగ్గులే వాడాలి. యువకులు ఎవరైనా చదువుతుంటే ఈ మాట పాటించమని కోరుతున్నాను.) రేడియోలో మోతగా వినిపించినది అక్కడ విడివిడిగా కనిపించింది. ఈ శబ్దం ఆ పాదం నొక్కిన పెట్టె నుంచి వస్తోంది, ఆ గరగర డ్రమ్ము అడుగున బిగించిన సన్నని తీగలది, ఈ దీర్ఘమైన నాదం గిటారును ఆంప్లిఫయర్‌కు ఎదురుగా తిప్పి పట్టుకొని దాని శబ్దాన్ని దానికే తిరిగి వినిపించడం వల్ల పుడుతోంది. ఆయన ఒక అడుగు ముందుకు వేస్తే నాదం ఒక స్వరంలో నిలుస్తుంది, వెనక్కు వేస్తే ఇంకో స్వరానికి జారుతుంది. నేల మీద ఆ స్వరస్థానాలు ఎక్కడున్నాయో ఆయన పాదాలకు తెలుసు.

నాలుగో పాటకు నా వేళ్ళు వాటంతట అవే తాళం వేస్తున్నాయని గమనించాను. కొద్దిసేపు తడబడ్డాను, నాలుగు అని వేస్తుంటే లెక్క కుదరడం లేదు. మళ్ళీ మొదలుపెట్టి, మూడు, నాలుగు, తకిట, తకధిమి అని వేసుకుంటే అచ్చుగుద్దినట్టు కూర్చుంది. మిశ్ర చాపు! ఏడు అక్షరాల తాళంలో, ఎక్కడో జార్జియా నుంచో టెన్నెసీ నుంచో వచ్చిన పిల్లలు ఇంత సులువుగా వాయిస్తున్నారు. నా పక్కన ఉన్న కుర్రవాడు కూడా నాలుగుకు తల ఊపబోయి తప్పిపోతున్నాడు. అతనికి నా అరచేతి మీద వేళ్ళతో చూపించాను. రెండు ఆవృతాలు చూశాడు, మూడో ఆవృతానికి పట్టుకున్నాడు, తాళం తిరిగి మొదలయ్యే సమం దగ్గర ఇద్దరం కలిసి తల దించాం. అతని పేరు నాకు తెలియదు, మాట కూడా కలపలేదు. దేశం కాని దేశంలో అడుగుపెట్టిన తరువాత పద్నాలుగు నెలల్లో, నేను అపరిచితుడినన్న ఊహ పూర్తిగా మరచిపోయిన మొదటి సందర్భం అది.

తొమ్మిదో పాటలో గిటారు తీగ తెగింది. ఠప్పుమని చప్పుడు వచ్చింది, తీగ కొస లైటు వెలుతురులో తెల్లగా మెరిసి ఆయన చెంప పక్కన నుంచి పోయింది. ఆ రకం గిటారులో ఒక తీగ తెగితే బిగువు మారి మిగిలిన అయిదూ శ్రుతి తప్పుతాయి. పెద్ద బృందాలకైతే పక్కన ఒక మనిషి ఇంకో గిటారు పట్టుకొని సిద్ధంగా ఉంటాడు. వీళ్ళకు ఆ మనిషీ లేడు, ఇంకో గిటారూ లేదు. ఆయన బేస్ అమ్మాయి వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె డ్రమ్ముల ఆయన వైపు చూసింది. మాట లేదు. ఆయన నేల మీద కూర్చొని, చొక్కా జేబులోంచి కాగితపు పొట్లం తీసి, చుట్టలు చుట్టి ఉన్న తీగను విప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరూ పాటను ఆపలేదు. ఆమె ఆ ఒక్క స్వరం దగ్గరే నిలబడి ఉంది, డ్రమ్ముల ఆయన దాని మీద మెల్లగా కట్టుకుంటూ వచ్చాడు. మొదట అంచు మీద కర్రతో సన్నగా, తరువాత పెద్ద డ్రమ్ము లోపలి నుంచి ఉరుములా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పెంచుతూ, ఇక లెక్క తప్పుతాడు అనుకున్న చోట తప్పకుండా. మా ఊళ్ళో కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలైతే లేచి కాఫీకి వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఇక్కడ ఒక్కరు కదలలేదు.

నేను ఒక కన్నుతో డ్రమ్ములు చూస్తూ, ఒక కన్నుతో ఆయన చేతులు చూస్తున్నాను. తీగను రంధ్రంలో దూర్చి, మేకుకు మూడు చుట్లు చుట్టి, మిగిలిన కొసను విరిచాడు. చెమట బొట్టు ఒకటి ఆయన గడ్డం మీద నుంచి జారి పాటల కాగితం మీద పడి, పదో పేరు చివరి అక్షరాలను నీలంగా అలికింది. పాదం దగ్గర ఉన్న చిన్న పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. మేకు తిప్పుతుంటే ఎరుపు అటూ ఇటూ ఊగి, ఆకుపచ్చగా మారి నిలిచింది. ఒక్కో తీగకు అలాగే. ఆ మోతలో ఆయన తన గిటారును తానే వినలేడు. కంటితోనే శ్రుతి చేసుకుంటున్నాడు. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. లేచి నిలబడి, కళ్ళు మూసుకొని, పాట ఎక్కడ తెగిందో సరిగ్గా ఆ మాట దగ్గర అందుకున్నాడు. హాలంతా ఒక్కసారిగా అరిచింది. నా గొంతులోంచి వచ్చిన మాట ‘వన్స్ మోర్’. చిన్నప్పటి కేక, ఏ ఆలోచనా లేకుండా వచ్చేసింది.

చివరి పాటకు ముందు ఆయన మైకులో ఒక మాట చెప్పాడు. రాత్రికి తమకు ఎక్కడా బస లేదనీ, ఎవరి ఇంట్లోనైనా కాస్త నేల ఉంటే కచేరీ తరువాత వచ్చి మాట్లాడమనీ అడిగాడు. సిగ్గుపడుతూ అడగలేదు, బతిమాలుతూ కూడా అడగలేదు. అలా ఊరూరా తిరిగి వాయించేవాళ్ళకు అది మామూలు. హోటలు గదికి డబ్బు పెడితే మర్నాడు పెట్రోలుకు ఉండదు. నా గుండె గబగబా కొట్టుకుంది. మా ఇంట్లో హాలు నిండా కార్పెట్ ఉంది. కానీ అన్నయ్య ఏమంటాడో, మిగిలిన ఇద్దరికీ మర్నాడు పరీక్ష ఉందేమో, ఇంటి యజమాని చూస్తే ఏమవుతుందో, వీళ్ళకు పెట్టడానికి ఇంట్లో ఏముందో అని వరుసగా ఆలోచనలు వచ్చాయి. అవి తేలేలోపు వెనక నుంచి ఎవరో చెయ్యెత్తారు. నా చెయ్యి వేదిక అంచు మీదనే ఉండిపోయింది.

కచేరీ అయ్యాక ఆ బేస్ అమ్మాయే బల్ల దగ్గరికి వచ్చి సీడీలు అమ్మింది. ఒక్కోటి 10 డాలర్లు. అట్ట తామే అచ్చువేసుకున్నది, రంగు కాస్త అంటుకుంటోంది. నా దగ్గర ఆరు డాలర్లే ఉన్నాయి. ఉన్నదే ఇవ్వమని సీడీ నా చేతిలో పెట్టింది. వేలి ప్లాస్టరు మీద ఎర్రటి మరక ఉంది. ఊరికే తీసుకోబుద్ధి కాక, సామాను మోయడంలో సాయం చేస్తానన్నాను. పెద్ద ఆంప్లిఫయర్‌ను డ్రమ్ముల ఆయనా నేనూ చెరో పక్క పట్టుకొని వెనక గుమ్మం నుంచి వ్యాను దాకా మోశాం. హార్మోనియం పెట్టె, జరీ దుస్తుల ట్రంకులు, చుట్టిన తెరలు తెల్లవారుజామున ట్రాక్టరు మీదికి ఎక్కించిన చేతులే ఇవి. బరువు ఎటు వాలితే ఎటు భుజం పెట్టాలో వాటికి తెలుసు. వ్యానులో ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉంది, ఒకటి ముందు పెడితే ఇంకొకటి పట్టదు. చివరగా గిటారును మనిషిని పడుకోబెట్టినట్టు పైన పడుకోబెట్టారు. ఆయన నా చెయ్యి పట్టుకొని ఊపి, నేను అలా ఎందుకు అరిచానని అడిగాడు. చెప్పాను. తన ఏడేళ్ళ వాయిద్యంలో అలా ఎవరూ అడగలేదని అన్నాడు.

ఆదివారం పొద్దున ఫోను కార్డు మీద ఇంటికి మాట్లాడాను. నాన్నగారికి అంతా వరుసగా చెప్పాను. ఆయన మొదట అడిగిన ప్రశ్న, ‘జనం ఎంతమంది వచ్చార్రా?’

‘నూట ఇరవై మంది ఉంటారు నాన్నా.’

‘అయితే బాగానే వచ్చారు. హార్మోనియం ఉందా?’

‘లేదు నాన్నా.’

‘మరి శ్రుతి ఎవరిస్తారు?’

పాదం దగ్గర పెట్టె సంగతీ, ఎర్ర దీపం ఆకుపచ్చగా మారడం సంగతీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత తీగ తెగడం గురించి మళ్ళీ చెప్పమన్నారు. తాళం వాళ్ళిద్దరూ వదలకుండా పట్టుకున్నారని చెప్పినప్పుడు, ‘అదీ!’ అన్నారు. వేదిక మీద పద్యం మరచిపోయిన నటుడిని మాట పోకుండా దాటించినప్పుడు ఆయన మొహంలో కనిపించే తృప్తి ఆ ఒక్క మాటలో వినిపించింది. సీడీ సంగతి, సామాను మోసిన సంగతి చెప్పాను. కార్డులో ఒక్క నిమిషమే మిగిలిందని గొంతు హెచ్చరించింది. నాన్నగారు అప్పుడు అడిగారు, ‘అంత దూరం నుంచి వచ్చారుగా, రాత్రి అన్నం ఎవరు పెట్టారురా?’

నేను జవాబు చెప్పేలోపు కార్డు అయిపోయింది. అయిపోకపోయినా నా దగ్గర జవాబు లేదు.

ఆ హాలుకు తరువాత ఎన్నోసార్లు వెళ్ళాను. ఆ ఊరు వదిలి ఉద్యోగానికి వెళ్ళిన తరువాత కూడా అటు వెళ్ళినప్పుడల్లా బయట బోర్డు మీద ఆ వారం ఎవరి పేర్లున్నాయో చూసేవాడిని. వెనక పక్క ఇంకో చిన్న గదిని కూడా కచేరీలకు మార్చారు. 2020 మార్చిలో అమెరికాలోని అన్ని హాళ్ళతో పాటు అదీ మూతపడినప్పుడు, నార్త్ కరోలినా బృందాలు కలిసి ఇతరుల పాటలు పాడి ఒక ఆల్బం చేసి, వచ్చిన డబ్బును ఆ హాలుకు ఇచ్చాయి. నేనూ కొన్నాను. ఆ నెలల్లో నాకు మాటిమాటికీ గుర్తుకు వచ్చింది మాత్రం అరిగిపోయిన ఆ వేదిక అంచు చెక్కే. దాని మీద మోచేతులు ఆనించేవారు లేక దుమ్ము పడుతూ ఉంటుందని బాధపడ్డాను. హాలు మళ్ళీ తెరుచుకుంది.

2004 ఏప్రిల్‌లో, వాన పడుతున్న రాత్రి, అదే వేదిక మీద వేరే బృందం వాయించింది. నలుగురు, చాలా దూరం నుంచి వచ్చినవాళ్ళు. చివరి పాటకు ముందు వాళ్ళ గాయని అదే మాట అడిగింది. ఆమె వాక్యం పూర్తయ్యేలోపే నేను చెయ్యెత్తాను. తరువాత బయటికి వచ్చి ఇంటికి ఫోను చేశాను.

‘అన్నయ్యా, నలుగురు వస్తున్నారు. రాత్రికి మన ఇంట్లో పడుకుంటారు.’

అవతల కొద్దిసేపు చప్పుడు లేదు. తరువాత, ‘కారం తింటారా?’ అన్నాడు.

వ్యానులో ఆంప్లిఫయర్ల మధ్య ఇరుక్కొని కూర్చొని దారి చూపిస్తూ తీసుకువెళ్ళాను. మేము తలుపు తీసేసరికి కుక్కరు మీట పైకి లేచి ఉంది. కార్పెట్ మీద మా దుప్పట్లన్నీ పరిచి ఉన్నాయి, వాటి కొసన అన్నయ్య తన దిండు కూడా పెట్టాడు. ఆయన పొయ్యి దగ్గర నిలబడి ముద్దపప్పులోకి నెయ్యి కరగబెడుతున్నాడు.